క్యాబేజీ చుట్టాలెవరో పురుగుకు తెలుసు

ఆవాలను పొడిగా దంచి, ఆ పిండిని ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్ద ఘాటేమీ తెలియదు. అందులో నాలుగు చెంచాల చల్లటి నీళ్లు పోసి, కలిపి, ఓ ఐదు నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ వాసన చూస్తే ముక్కు అదిరిపోతుంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. అవే ఆవాలను కాగిన నూనెలో వేస్తే చిటపటలాడి కమ్మటి వాసన ఇస్తాయి తప్ప ఘాటెక్కవు. కర్నూలైనా కడపైనా రోజూ తాలింపు పెట్టే ప్రతి ఇంట్లో కనిపించే సంగతే ఇది. క్యాబేజీ పంటకూ దాన్ని తినే పురుగుకూ మధ్య నడిచే గొడవకు మూలం కూడా ఇక్కడే ఉంది.

ఆవగింజలో రెండు రకాల సరుకు వేర్వేరు అరల్లో దాగి ఉంటుంది. ఒకటి గంధకం కలిసిన గ్లూకోసినోలేట్లు. వీటికి స్వతహాగా ఘాటు లేదు. రెండోది మైరోసినేజ్ అనే ఎంజైము. గింజ నలిగి నీరు తగిలితే ఈ రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టే ఐసోథయోసయనేట్లే ముక్కుకు తగిలే ఆ ఘాటు. కాగిన నూనెలో ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి పోపులో ఆవాలు సాధువుల్లా ఉంటాయి. ఊరగాయకు ఆవపిండి కలిపేటప్పుడు వేడి నీళ్లు పోయకూడదని పెద్దవాళ్లు చెప్పే మాటకు కారణమూ ఇదే.

ఈ ఏర్పాటు గింజలోనే కాదు, ఆకులోనూ కాడలోనూ వేరులోనూ ఉంటుంది. ముల్లంగి కొరికితే నాలుక చుర్రుమనడం, క్యాబేజీ ఎక్కువసేపు ఉడికితే వంటిల్లంతా ఒక రకమైన గంధకం వాసన రావడం ఈ సరుకు వల్లే. ఆకును ఏ పురుగు కొరికినా అరలు పగిలి నోట్లోనే ఘాటు పుడుతుంది. మామూలు పురుగైతే రెండో కాటు వేయకుండా వెళ్లిపోతుంది. ఆవ, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ అన్నీ ఒకే కుటుంబమని చెప్పడానికి పువ్వుకుండే నాలుగు రేకులను గుర్తుగా చూపిస్తారు. ఆ రేకులు శిలువ ఆకారంలో ఎదురెదురుగా ఉంటాయి, లోపల ఆరు కేసరాల్లో నాలుగు పొడుగ్గా, రెండు పొట్టిగా ఉంటాయి. కానీ పొలంలో పురుగు లెక్క వేసుకునేది రేకులతో కాదు, ఈ ఘాటుతో. రైతు కూడా ఆ లెక్కే నేర్చుకుంటే మందు ఖర్చు చాలా తగ్గుతుంది.

ఒకే మొక్కకు ఆరు పేర్లు

కర్నూలు సి-క్యాంపు రైతు బజారులో క్యాబేజీ ఒక కుప్పగా, కాలీఫ్లవర్ ఇంకో కుప్పగా, నూల్‌కోల్ ఓ మూల గంపలో కనిపిస్తాయి. బ్రోకలీ సూపర్ మార్కెట్ చల్లటి అరల్లో ఉంటుంది. చూపుకు ఒకదానికొకటి పోలికే లేదు. అయినా వృక్షశాస్త్రం లెక్కలో ఇవన్నీ ఒకే జాతి, బ్రాసికా ఒలరేసియా. ఐరోపా సముద్రతీరాల్లో పెరిగే ఒక అడవి మొక్క నుంచి వందల ఏళ్ల పాటు రైతులు విత్తనం ఏరి ఏరి వేరుచేసిన రూపాలివి. కొస మొగ్గ ఉబ్బి ఆకులు ఒకదాని మీద ఒకటి ముడుచుకున్నది క్యాబేజీ అయింది. పూత విచ్చుకోకుండా గడ్డకట్టింది కాలీఫ్లవర్ అయింది. కాండం ఉబ్బింది నూల్‌కోల్ అయింది. ఆకుల మొదట్లో ఉండే పక్క మొగ్గలు చిన్న గోలీల్లా కట్టినవి బ్రసెల్స్ స్ప్రౌట్స్. గడ్డ కట్టకుండా ఉత్త ఆకులతో మిగిలింది కేల్.

పేర్లు వచ్చిన దారి కూడా ఇలాంటిదే. ఇంగ్లీషులో క్యాబేజీ అనే మాట 'తల' అనే అర్థమున్న పాత ఫ్రెంచి పదం నుంచి వచ్చింది. నూల్‌కోల్ డచ్చి మాట నుంచి వచ్చింది, 'గడ్డ కోసు' అన్నట్టు. అంటే మనిషి పేరు పెట్టింది తాను తినే భాగం ఆకారాన్ని చూసి. ఈ కూరగాయలు మన దగ్గరికి ఐరోపావాళ్లతో పాటు వచ్చినవి కాబట్టి వీటికి తెలుగులో సొంత పేరు స్థిరపడలేదు. 1822లో ఇంగ్లండ్ నుంచి సహారన్‌పూర్ ఈస్టిండియా కంపెనీ తోటకు కాలీఫ్లవర్ విత్తనం వచ్చిందని వ్యవసాయ చరిత్ర చెబుతోంది. కర్నూలు బజారులో పత్తాగోబీ, ఫూల్‌గోబీ అని ఉర్దూ పేర్లు వినబడతాయి. కర్ణాటక సరిహద్దు వైపు పోతే కోసు అంటారు. ఆవ, ముల్లంగి మాత్రం మనకు పాతకాలం నుంచీ తెలిసినవే. అందుకే మన నోట్లో ఆవాలకూ క్యాబేజీకీ చుట్టరికం కుదరదు. ఒకటి పోపు డబ్బాలో దినుసు, రెండోది కూరగాయ.

ఆవాల పుట్టుక కూడా తెలుసుకోవాల్సిందే. జపాన్‌లో పనిచేసిన కొరియా సంతతి శాస్త్రవేత్త ఊ జాంగ్ చున్ 1935లో ఈ కుటుంబం గుట్టు విప్పాడు. మనం వాడే ఆవ మొక్క, టర్నిప్ జాతికీ నల్ల ఆవ జాతికీ కలిసి పుట్టిన సంకరం. టర్నిప్‌లో 10 క్రోమోజోముల జట్టు, నల్ల ఆవలో 8, మన ఆవలో రెండూ కలిపి 18. అదే టర్నిప్ క్యాబేజీ జాతితో (అందులో 9) కలిసి 19 క్రోమోజోముల జట్టుతో నూనె పంట రేప్‌సీడ్ పుట్టింది. పోపు డబ్బాలోని దినుసుకూ గంపలోని కూరగాయకూ ఇంత దగ్గరి రక్తసంబంధం ఉంది.

ఘాటును ఆనవాలుగా మార్చుకున్న పురుగు

కోలారు, చిక్కబళ్లాపుర పీఠభూమి సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంటుంది. కర్నూలు 300 మీటర్లకు లోపే, కడప ఇంకా కింద. క్యాబేజీ గడ్డ గట్టిపడాలంటే 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం బాగా పనికొస్తుంది. అందుకే రాయలసీమ మైదానంలో ఇది చలికాలపు పంట. వానాకాలం చివర్లో నారు పోసి, పాతిక ముప్పై రోజుల నారు నాటి, బోరు నీళ్ల కింద పెంచి, ఎండలు ముదరకముందే కోసెయ్యాలి. ఎండను తట్టుకునే హైబ్రిడ్లు వచ్చాక ఈ కాలం కాస్త అటూ ఇటూ సాగింది. కానీ ఫిబ్రవరి దాటితే గడ్డ పగలడం, వదులుగా కట్టడం మొదలవుతుంది. ఏరుకోవడానికి ఉన్నది ఆ నాలుగు నెలలే. ఆ నాలుగు నెలలూ మన దగ్గర వాన తక్కువ, పగలు పొడి ఎండ. ఈ వాతావరణం క్యాబేజీతో పాటు ఇంకొకరికీ సరిగ్గా సరిపోతుంది.

డైమండ్ రెక్కల పురుగు, అంటే ప్లుటెల్లా జైలోస్టెల్లా, చూడ్డానికి చాలా చిన్నది. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే వడ్లగింజ అంత, బూడిద గోధుమ రంగులో ఉంటుంది. రెండు రెక్కలూ కలిసిన చోట వీపు మీద వరసగా మూడు లేత రంగు డైమండ్ గుర్తులు కనిపిస్తాయి. పొద్దుగూకే వేళ క్యాబేజీ మడిలో నడిస్తే కాలి దగ్గర్నుంచి లేచి, నాలుగు మొక్కల అవతల వాలిపోయేవి ఇవే. గుడ్లు ఆకు ఈనెల పక్కన ఒకటీ రెండుగా పెడుతుంది. పిల్ల పురుగు మొదట ఆకు పొరల మధ్య దూరి తొలుస్తుంది, తర్వాత బయటికి వచ్చి అడుగు వైపు గీరుతుంది. పై పొరను మాత్రం వదిలేస్తుంది. అందుకే ఆకును వెలుగుకు ఎత్తి పట్టుకుంటే పల్చటి అద్దపు కిటికీల్లాంటి మచ్చలు కనబడతాయి. ఆ మచ్చలు ఎండి రాలితే చిల్లులు. ఆకుపచ్చగా, రెండు కొసలూ సన్నగా ఉండే ఈ పురుగును గడ్డిపోచతో తాకితే గింజుకుంటూ వెనక్కి పాకి, సన్నటి దారం పట్టుకుని కిందికి జారిపోతుంది. పొలంలో వేరే ఏ పరికరమూ లేకుండా దీన్ని గుర్తుపట్టడానికి ఈ ఒక్క పరీక్ష చాలు.

మొక్క పెట్టుకున్న ఘాటు దీన్ని ఎందుకు ఆపలేకపోతోంది? ఈ ప్రశ్నకు జవాబు 2002లో దొరికింది. ఈ పురుగు పేగులో సల్ఫటేజ్ అనే ఎంజైము ఉంది. గ్లూకోసినోలేట్లను మైరోసినేజ్ ముట్టుకోకముందే, వాటిలోంచి ఒక ముక్కను ఇది విరిచేస్తుంది. తాళం వేసే లోపలే తాళంచెవి వంచేసినట్టు. ఆ తర్వాత ఘాటు పుట్టే దారే ఉండదు. అంతటితో ఆగలేదు. మిగతా పురుగులను తరిమే ఆ సరుకే దీనికి ఇంటి చిరునామా అయిపోయింది. తల్లి పురుగు గుడ్డు పెట్టాలా వద్దా అని ఆకును పరీక్షించేది అందులోని ఈ పదార్థాలతోనే.

ఇది ఒక్క పురుగు గొప్పతనమేమీ కాదు. 1910లోనే వెర్షాఫెల్ట్ అనే శాస్త్రవేత్త క్యాబేజీ సీతాకోక గొంగళ్లతో ఒక చిన్న పరీక్ష చేశాడు. అవి మామూలుగా ముట్టని ఆకుల మీద ఆవాల్లో ఉండే సినిగ్రిన్ అనే గ్లూకోసినోలేట్ పూస్తే తినడం మొదలుపెట్టాయి. క్యాబేజీ సీతాకోక మన మైదానాల్లో కంటే ఉత్తర భారతంలో ఎక్కువ. దాని పేగులో ఏర్పాటు వేరు, అది ఘాటు బదులు అంత హాని లేని నైట్రైల్స్ పుట్టేలా చూసుకుంటుంది. పేనుబంక ఇంకో అడుగు ముందుకేసింది. క్యాబేజీ పేనుబంక ఆకు రసంలోని గ్లూకోసినోలేట్లను తన ఒంట్లోనే దాచుకుంటుంది, వాటిని పగలగొట్టే ఎంజైమును సొంతంగా తయారు చేసుకుంటుంది. అక్షింతల పురుగు దాన్ని కొరికితే ఆవగింజ నలిగినట్టే అక్కడా ఘాటు పేలుతుంది. మొక్క కత్తిని పురుగు లాక్కుని తన నడుముకు కట్టుకుందన్నమాట. పొలంలో అక్షింతల పురుగులు కనిపిస్తున్నా క్యాబేజీ పేనుబంక ఒక్కోసారి అనుకున్నంత తగ్గకపోవడానికి ఇదీ ఒక కారణమే.

మందు దుకాణంలో మారే పేర్లు

డైమండ్ రెక్కల పురుగు ప్రపంచవ్యాప్తంగా పేరు మోసింది తిండి వల్ల కాదు, మందులకు లొంగకపోవడం వల్ల. 1950ల మొదట్లో జావా దీవిలో డీడీటీకి తట్టుకుని నిలబడింది. పంట పురుగుల్లో ఆ పని చేసిన మొదటిది ఇదే. బీటీ అనే సూక్ష్మజీవి మందు సేంద్రియ పద్ధతిలో కూడా వాడేది, దానికి ఏ పురుగూ అలవాటు పడదనుకున్నారు. హవాయి పొలాల్లో ఈ పురుగు దానికీ తట్టుకుందని 1990లో తేలింది. ఇప్పటికి 90కి పైగా మందులకు ఎక్కడో ఒకచోట లొంగకుండా పోయింది. దీని మీద ప్రపంచం పెడుతున్న ఖర్చు, పోయిన పంట విలువ కలిపి ఏటా 400 నుంచి 500 కోట్ల డాలర్లని అంచనా.

ఇంత త్వరగా ఎలా మారుతోంది? మన చలికాలపు పగటి ఎండల్లో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రావడానికి మూడు వారాలు చాలు. నాటినప్పటి నుంచి కోత దాకా మూడు నాలుగు తరాలు నడిచిపోతాయి. ఒక తల్లి 150 గుడ్లు పెట్టిందనుకుందాం. పదింట ఒకటే బతికినా పదిహేను మిగులుతాయి, అందులో సగం ఆడవి. ఒకటి ఏడవుతుంది, ఏడు నలభై తొమ్మిది, మూడో తరానికి మూడు వందలు దాటుతాయి. ప్రతి తరంలోనూ ఒకే మందు కొడితే, ఆ మందుకు తట్టుకున్న ఒకటీ అరా మాత్రమే మిగిలి పిల్లలను కంటాయి. మందు పని చేయడం లేదని మోతాదు పెంచితే ఈ ఏరివేత ఇంకా జోరందుకుంటుంది.

ఇక్కడ కూడా పేరే మోసం చేస్తుంది. మందు కొట్టి వారం తిరగకముందే పురుగు మళ్లీ కనబడితే ఎవరికైనా టెన్షనే. చేతిలో డబ్బా పట్టుకుని దుకాణానికి వెళితే వేరే కంపెనీది, వేరే పేరుది, వేరే రంగు సీసా చేతిలో పెడతారు. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివితే చాలాసార్లు అదే మందో, అదే గుంపుకు చెందిన తమ్ముడో అయి ఉంటుంది. పురుగుకు సీసా రంగుతో పని లేదు. మందు తన ఒంట్లో ఎక్కడ దెబ్బ కొడుతుందన్నదే దానికి లెక్క. మార్చాల్సింది ఆ దెబ్బ కొట్టే చోటును. ఒక తరానికి ఒక గుంపు, తర్వాతి తరానికి ఇంకో గుంపు. కృషి విజ్ఞాన కేంద్రానికి, అంటే కడప రైతు ఊటుకూరుకో, అనంతపురం రైతు రెడ్డిపల్లికో, కర్నూలు రైతు బనవాసికో, సీసాను తీసుకుపోయి చూపిస్తే ఏ గుంపుదో చెబుతారు. ఒక మందు డబ్బా ఖరీదుతో పోలిస్తే ఆ బస్సు చార్జీ ఏమంత కాదు.

పేరున్నవాళ్లంతా చుట్టాలు కారు

క్యాబేజీ అనే పేరు మోస్తున్న మొక్కలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిని పురుగు కళ్లతో చూస్తే ఎవరు అసలు, ఎవరు కేవలం పేరుకే అన్నది చక్కగా బయటపడుతుంది.

న్యూజిలాండ్‌లో 'క్యాబేజీ చెట్టు' అని ఒకటుంది, కార్డిలైన్ ఆస్ట్రాలిస్. కలబందను కాండం మీద నిలబెట్టినట్టు ఉంటుంది. తొలి వలస తెల్లవాళ్లు దాని లేత మొవ్వును కూరగా వండుకున్నారు కాబట్టి ఆ పేరు. అది పిల్లితీగల కుటుంబానికి చెందినది, ఆవ ఘాటుతో దానికి సంబంధమే లేదు. దాన్ని తినే ప్రత్యేకమైన రెక్కల పురుగు ఒకటుంది, అది మళ్లీ క్యాబేజీని ముట్టదు. అమెరికాలో 'క్యాబేజీ తాటి', ఫ్లోరిడా రాష్ట్ర వృక్షం. దాని మొవ్వు కూడా తింటారు, పేరు అందుకే. అమెరికా తూర్పు చిత్తడి నేలల్లో పెరిగే 'స్కంక్ క్యాబేజీ' మన చేమ, కంద కుటుంబం. చలికాలం చివర్లో దాని పువ్వు తనంతట తాను వేడి పుట్టించుకుని చుట్టూ మంచును కరిగిస్తుంది. కంద పూసినప్పుడు వచ్చే కుళ్లు వాసన తెలిసినవాళ్లకు ఆ చుట్టరికం వెంటనే అర్థమవుతుంది. మన చెరువుల్లో తేలే అంతరతామరను కూడా ఇంగ్లీషులో నీటి క్యాబేజీ అంటారు. అదీ కంద కుటుంబమే. డైమండ్ రెక్కల పురుగు వీటిలో దేని జోలికీ పోదు.

దీనికి ఎదురు ఉదాహరణ హిందూ మహాసముద్రం దక్షిణ కొసన ఉన్న కెర్గెలెన్ దీవుల్లో దొరుకుతుంది. అక్కడ 1776లో కుక్ నౌకాయాత్రలో చూసి రాసిన కెర్గెలెన్ క్యాబేజీ, నావికులకు చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు రాకుండా కాపాడిన ఆకుకూర. అది నిజంగానే ఆవ కుటుంబం మొక్క. గాలికి ఈగలు కూడా రెక్కలు వదులుకున్న ఆ దీవుల్లో పురుగుల సాయం లేక, ఆ కుటుంబంలో చాలా అరుదుగా, పుప్పొడిని గాలి మీదే పంపుతుంది. అదే మొక్క పెరిగే, అదే మహాసముద్రంలోని మారియన్ దీవికి 1980ల్లో డైమండ్ రెక్కల పురుగు ఎలాగో చేరింది. ఎన్నడూ చూడని మొక్క, ఎన్నడూ చూడని చలి. అయినా నేరుగా ఆ ఆకు మీదికే పోయి కాపురం పెట్టింది. వృక్షశాస్త్రవేత్తలు కేసరాలు లెక్కపెట్టి చెప్పిన మాటను పురుగు ఆకు తిని రుజువు చేసింది.

మన చేలల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. తొలకరి వానలకు వేరుశనగ చేలల్లో, కంచెల పక్కన తెల్లపూల వామింట మొలుస్తుంది. ఐదు ఆకులు చేతివేళ్లలా ఉంటాయి, ముట్టుకుంటే జిగట, నలిపితే ఘాటు. లేత ఆకును కూర వండుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషులో దీనికున్న పేర్లలో ఒకటి ఆఫ్రికన్ క్యాబేజీ. దాని చెల్లెలు పసుపుపూల కుక్కవామింట. దాని గింజలను ఆవాల బదులు వాడతారు, ఇంగ్లీషులో దాన్ని అడవి ఆవ అంటారు. ఇవి ఆవ కుటుంబం కాదు గానీ దానికి అతి దగ్గరి పక్క కుటుంబం. ఘాటు సరుకు వీటిలోనూ ఉంది. ఆవ నారును ఎండగట్టే రంగురంగుల నల్లి, నలుపు మీద నారింజ, తెలుపు చుక్కలుండేది, ఆఫ్రికాలో వామింట మడులను కూడా పీడిస్తుంది. క్యాబేజీ తల తొలిచే పురుగు వామింట జాతి కలుపు మీద బతకగలదని మలేసియాలో గమనించారు. అంటే క్యాబేజీ పొలం గట్టు మీది వామింటను ఉత్త కలుపనుకుని వదిలేయడానికి లేదు.

ఇంకాస్త దూరం పోతే మునగ, బొప్పాయి కూడా ఇదే పెద్ద వంశంలోకి వస్తాయి. బొప్పాయి గింజ కొరికితే ఆవగింజలా చుర్రుమంటుంది. మునగ వేరును తెల్లవాళ్లు వాళ్ల హార్స్‌ర్యాడిష్ అనే ఘాటు వేరు బదులు వాడుకున్నారు. అనంతపురం బొప్పాయి తోటలో తెంచిన కాయను కోసి, ఆ నల్లటి గింజ ఒకటి నమిలితే పాఠం అక్కడికక్కడే అర్థమవుతుంది. అయితే డైమండ్ రెక్కల పురుగు అంత దూరపు చుట్టాల ఇంటికి పోదు కాబట్టి బొప్పాయి రైతు భయపడాల్సిన పని లేదు.

పురుగు నియమం ఎప్పుడూ తప్పదని చెప్పలేం. 2000 ప్రాంతంలో కెన్యాలోని నైవాషాలో ఈ పురుగు బఠానీ మీదికి మళ్లింది. చుట్టుపక్కల క్యాబేజీ మీద పురుగు విపరీతంగా పెరిగిపోయిన రోజులవి. బఠానీలో ఆవ ఘాటు లేనే లేదు. అలాంటివి అరుదు, కానీ వంద తరాలకొకసారైనా గోడ దూకేవాళ్లు ఉంటారు.

మడిలో ఈ లెక్క ఎలా పనికొస్తుంది

పంట మార్పిడి గురించి చాలామందికి తెలుసు. చేసేటప్పుడే పొరపాటు జరుగుతుంది. ఒక కారు క్యాబేజీ, తర్వాత కాలీఫ్లవర్, మధ్యలో ఖాళీ దొరికితే ముల్లంగి. మూడు వేర్వేరు కూరగాయలు, మూడు ధరలు. పురుగుకు మాత్రం మూడు పూటలా ఒకే భోజనం. ఆకు అంచు నుంచి లోపలికి 'వి' ఆకారంలో పసుపు పాకే నల్లకుళ్లు తెగులు కూడా ఇదే కుటుంబాన్ని పట్టుకుని తిరుగుతుంది. క్యాబేజీ తర్వాత కొర్ర, జొన్న, ఉల్లి, టమాటా, వేరుశనగ ఏది వేసినా అది డైమండ్ రెక్కల పురుగుకు నిజమైన మార్పిడి. పొగాకు లద్దె పురుగు మాత్రం ఈ లెక్కకు లొంగదు. దానికి ఘాటుతో పని లేదు, వేరుశనగ, టమాటా, క్యాబేజీ అన్నీ తింటుంది. గుంపుగా గుడ్లు పెట్టి, వెంట్రుకలు కప్పి ఉంచుతుంది కాబట్టి ఆ గుడ్ల ఆకును ఏరి నలిపేయడమే దానికి మొదటి మందు.

పురుగుకున్న ఆవాల పిచ్చిని దాని మీదికే తిప్పొచ్చు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ 1990ల నాటికే ఈ పద్ధతిని సిద్ధం చేసింది. ప్రతి 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలు. ఒక వరుస క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు విత్తాలి. క్యాబేజీ కంటే ఆవ ఆకు ఎక్కువ ఘాటు కాబట్టి తల్లి పురుగులు, పేనుబంక అటు మళ్లుతాయి. రెండుసార్లు విత్తడంలోనే అసలు కిటుకుంది. మొదటి ఆవ ముదిరి, పూతకొచ్చి, ఆకు తగ్గేసరికి రెండోది లేతగా అందుకుంటుంది. ఒకేసారి విత్తి ఊరుకుంటే నెలన్నరకల్లా ఎర ఎండిపోతుంది, పురుగులన్నీ పక్కనే ఉన్న క్యాబేజీ మీదికి దిగుతాయి. మందు కొట్టాల్సి వస్తే ఆ ఆవ వరుసల మీదే కొట్టాలి. వాటిని వదిలేస్తే ఎర కాస్తా పురుగుల నర్సరీ అవుతుంది.

ఐరోపాలో పెరిగే బార్బారియా అనే ఆవ చుట్టం దగ్గర ఇంకా వింత జరుగుతుంది. తల్లి పురుగు దాని ఘాటుకు మురిసిపోయి గుడ్లు పెడుతుంది. పిల్లలు రెండు మూడు కాట్లు వేసి చచ్చిపోతాయి, ఎందుకంటే ఆ ఆకులో సపోనిన్లనే ఇంకో రకం విషం ఉంది, దానికి ఈ పురుగు దగ్గర తాళంచెవి లేదు. పేరు మనిషిని మోసం చేసినట్టే వాసన పురుగును మోసం చేస్తుంది.

వేపగింజల కషాయం 5 శాతం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల పప్పు పొడి, ఇప్పటికీ నమ్మదగిన మందు. మన దగ్గర వేపపండ్లు ఎండాకాలం చివర్లో, తొలకరిలో రాలతాయి. ఆ గింజలు ఏరి, నీడన ఎండబెట్టి దాచుకుంటే చలికాలం క్యాబేజీకి సరిగ్గా అందుతాయి. ఒక్క జాగ్రత్త ఉంది. క్యాబేజీ ఆకు మీద మైనం పూత ఉంటుంది, నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్టులా దొర్లిపోతాయి. కషాయంలో కాస్త సబ్బు ద్రావణం కలపకపోతే మందంతా నేలపాలే. అదే హెసరఘట్ట సంస్థ వేప సబ్బు, కానుగ సబ్బు తయారు చేసింది ఈ చిక్కు తెలిసే. పురుగు ఉండేది ఆకు అడుగున కాబట్టి నాజిల్ కింది నుంచి పైకి తిప్పి కొట్టాలి. బీటీ పొడి ఎండకు పాడవుతుంది, సాయంత్రం కొట్టాలి.

అనంతపురం డ్రిప్ జిల్లా. నీటికి అంతకంటే మంచి దారి లేదు. కానీ పిల్ల పురుగులను ఆకు మీంచి కడిగేసేది వాన, డ్రిప్ ఆ పని చేయలేదు. పొద్దుగూకే వేళ కాసేపు తుంపర తడి ఇస్తే రెక్కల పురుగుల జతకట్టడం చెడుతుంది, లేత పురుగులు కొట్టుకుపోతాయి. అయితే ఆకు రాత్రంతా తడిగా ఉంటే నల్లకుళ్లు వ్యాపిస్తుంది కాబట్టి ఆ తెగులు కనిపించిన మడిలో ఇది వద్దు.

మందు కొట్టేముందు ఆకును తిరగేసి చూడాల్సింది ఇంకొకటి ఉంది. పురుగు కట్టుకున్న గూడు వలలా పల్చగా, లోపలి ఆకుపచ్చ శరీరం కనిపించేలా ఉంటుంది. దాని పక్కనే బియ్యపు గింజలాంటి, లోపలేమీ కనిపించని గట్టి పట్టుగూడు ఉంటే అది కొటీసియా అనే చిన్న కందిరీగది. ఆ కందిరీగ పిల్ల డైమండ్ పురుగు కడుపులో పెరిగి, దాన్ని చంపి బయటికొచ్చింది. అలాంటివి చాలా కనబడితే ఆ వారం మందు ఆపి చూడొచ్చు. అన్నిటినీ చంపే గట్టి మందు కొడితే ముందు పోయేది ఆ కందిరీగే.

ఇక కోత తర్వాతి పని. గడ్డ కోసి లారీకెక్కించాక పొలంలో మోళ్లు మిగులుతాయి. అప్పటికే చేతిలో డబ్బు పడి ఉంటుంది, ఆ మోళ్ల వైపు ఎవరూ చూడరు. బోరు తడి ఇంకా నేలలో ఉంటుంది కాబట్టి వారం పది రోజుల్లో ప్రతి మోడు పక్కనా లేత ఆకుపచ్చ చిగుళ్లు నాలుగైదు పుడతాయి. రైతుకు అవి దేనికీ పనికిరావు. ఆ చిగుళ్ల అడుగున గుడ్లు ఉంటాయి, పల్చటి వల గూళ్లు ఉంటాయి, పక్క పొలంలో ఆలస్యంగా నాటిన కాలీఫ్లవర్ ఇరవై అడుగుల దూరంలో ఉంటుంది. గొర్రెల మందను వదిలినా, నాగలి పట్టి దున్నినా, అది కోత అయిన ఆ వారంలోనే జరగాలి.